నొప్పి తగ్గిన తరువాత

సంక్రాంతి వచ్చినదన్న తెలుగు పల్లెలలో ముంగిళ్ళ ముగ్గులతోపాటు చెడుగుడు బరులును వెలయును. కోత కోసిన చేనిలో మట్టి దున్ని, గడ్డలు చిదిపి, సున్నముతో గీతలు గీసి, గడలకు దీపములు కట్టి పందెములు నడపుదురు. ఇటు ఏడుగురు, అటు ఏడుగురు. కూతకు వెళ్ళినవాడు ముప్పది సెకనులలో తాకి తిరిగి రావలెను. అతడు గిరుక్కున మరలుచున్న క్షణమున ఒకడు చీలమండ పట్టును, మరియొకడు నడుము పట్టును. పాదము నేలలో నాటుకొని యుండగా మోకాలు మాత్రము తిరుగును. లోపల ఏదో టప్పుమన్నదని అతడు పిమ్మట చెప్పును. మిత్రు లిద్దరు ఎత్తి తెచ్చి గట్టుమీద కూర్చుండబెట్టుదురు. ఈల మ్రోగును, ఆట సాగును, జనుల చూపులు తరువాతి కూతమీదికి పోవును.

గట్టుమీద కూర్చున్న ఆ యువకుని సంగతి ఏమగునని ఆలోచించువారు తక్కువ. పేరొందిన క్రీడాకారునకు గాయమైనచో పత్రికలు వ్రాయును, వైద్యులు పరుగున వత్తురు. పల్లె బరిలో పడినవానికి ఇంటిలో ఉప్పుకాపడము, వీధి చివర నూనె మర్దన, మూడు నాళ్ళు మంచము - ఇంతే చికిత్స. మూడు నాలుగు వారములకు వాపు తీయును, నొప్పియు తగ్గును. అతడు మరల బరిలోనికి దిగును. మోకాలు మరల జారును. ఇట్లు రెండు మూడు పర్యాయములు జరిగిన పిమ్మట "వాడి కాలు పోయిందిరా" అని ఊరు తీర్మానించును. కాని ఆ కాలు పూర్తిగా పోయినది మొదటి దెబ్బతో కాదు. నొప్పి తగ్గిన తరువాత తొందరపడి దిగిన ఆ దినములలో. నొప్పి తగ్గుట వేరు, శరీరము సిద్ధమగుట వేరు. ఈ రెండింటి నడుమ గల కాలమునకు కావలి యుండుటయే క్రీడా ఫిజియోథెరపిస్టు అను వృత్తివాని ముఖ్యమైన పని. ఆ కావలి మన ఊరి క్రీడాకారులకు ఎంత దొరకుచున్నది, దొరకనిచోట బడులు ఏమి చేయగలవు అనునది విచారింపదగిన విషయము.

వ్యాయామశాలలో పుట్టిన విద్య

ఫిజియోథెరపీ అనగా మందుతోను కత్తితోను గాక, కదలికతోను, వ్యాయామముతోను, స్పర్శతోను దేహమునకు పూర్వపు శక్తిని తెచ్చు విద్య. దీని మూలములు వైద్యశాలకంటె ముందు వ్యాయామశాలలో కనబడుట గమనింపదగినది. స్వీడన్ దేశమున కత్తిసాము నేర్పిన పేర్ హెన్రిక్ లింగ్ అను ఉపాధ్యాయుడు 1813లో స్టాక్‌హోము నగరమున ఒక వ్యాయామ విద్యాసంస్థను నెలకొల్పెను. రోగుల కొరకు ప్రత్యేక వ్యాయామములను కూర్చుట అతని పద్ధతిలో ఒక భాగము. ఇంగ్లండులో 1894లో నలుగురు నర్సులు కలిసి ఈ వృత్తికి ఒక సంఘమును స్థాపించిరి. మన దేశమున 1950 దశకపు ఆరంభమున, పోలియో వ్యాధి బిడ్డల కాళ్ళను కబళించుచున్న కాలమున, బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు శిక్షణాలయము ఏర్పడినది. 2021లో పార్లమెంటు చేసిన ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టము ఫిజియోథెరపిస్టులను దేశవ్యాప్తముగ ఒక చట్టబద్ధమైన వ్యవస్థ క్రిందికి తెచ్చినది.

పోలియో బిడ్డను నిలువబెట్టిన శాస్త్రమే నేడు పరుగుపందెపు బాలుని మరల పరుగెత్తించుచున్నది. అయినను ప్రజలలో ఒక పొరపాటు నిలిచియున్నది. ఫిజియోథెరపిస్టు అనగా కాళ్ళు పట్టువాడనియో, విద్యుత్ యంత్రమును తగిలించి పది నిమిషములు కూర్చుండబెట్టువాడనియో పెక్కుమంది తలంతురు. మర్దనయు యంత్రమును ఆ విద్యలో చిన్న అంగములు మాత్రమే. దాని హృదయము వ్యాయామము. దాని ప్రాణము కాలగణనము.

తాకుటకు ముందు వినుట

నేర్పరియైన చికిత్సకుడు మోకాలిని తాకుటకు ముందు ప్రశ్నలు వేయును. దెబ్బ తగిలినదా, లేక ఎవరును తాకకయే కాలు మెలిపడినదా? చప్పుడు వినబడినదా? వాపు గంటలోనే వచ్చినదా, మరునాడు వచ్చినదా? మెట్లు దిగునప్పుడు మోకాలు జారునట్లు తోచుచున్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చు సమాధానములతో సగము రోగనిర్ణయము జరిగినట్లే. తిరుగుడులో టప్పుమని, గంట రెండు గంటలలో మోకాలు గుమ్మడికాయవలె ఉబ్బెనన్నచో, లోపల రక్తము చేరినదని అనుమానింపవలెను. అట్టి సందర్భములలో తరచు తెగునది తొడ ఎముకను మోకాలిక్రింది ఎముకతో బంధించి, ఆ క్రింది ఎముక ముందుకు జారకుండ నిలుపు సంధిబంధనము. దానినే వైద్యులు ఏ.సి.ఎల్. అందురు.

దానిని పరీక్షించుటకు ఆరంభమున ఏ యంత్రమును అక్కరలేదు. రోగిని వెల్లకిల పరుండబెట్టి, మోకాలిని కొంచెము మడిపి, ఒక చేత తొడను నిలిపి, రెండవ చేత క్రింది ఎముకను ముందుకు లాగవలెను. ఆరోగ్యమైన మోకాలు ఒకచోట గట్టిగా ఆగును. తెగినది మెత్తగా ముందుకు వచ్చును. 1976లో అమెరికాలో ప్రకటితమైన ఈ పరీక్ష జాన్ లాక్మన్ అను ఆచార్యుని పేర ప్రసిద్ధము. పశువుల ఆసుపత్రియైనను లేని పల్లెలో, వేపచెట్టుక్రింది అరుగుమీద ఈ పరీక్ష చేయవచ్చును. కావలసినది శిక్షణ పొందిన రెండు చేతులు. అనుమానము బలపడిన పిమ్మట పట్టణమునకు పంపి ఎం.ఆర్.ఐ. తీయింపవచ్చును, శస్త్రవైద్యుని సంప్రదింపవచ్చును. కాని పట్టణమునకు పోవలెనా వద్దా అని చెప్పు మొదటి మనిషి ఊరికి సమీపమున ఉండవలెను. అతడు లేకపోవుటయే పల్లె క్రీడాకారుని మొదటి నష్టము.

బెణుకునకు లాగుట మందు కాదు

మోకాలికంటె తరచు గాయపడునది చీలమండ. వాలీబాలులో ఎగిరి మరియొకని పాదముమీద దిగుట, ఖోఖోలో వేగముగ మరలుట, గుంతలున్న మైదానమున పరుగెత్తుట - వీని అన్నిటికిని ఫలము బెణుకే. బెణికినదనగానే పట్టి లాగువారు, నులుమువారు ప్రతి ఊరను గలరు. అప్పుడే తెగిన పోగులను లాగినచో మరికొన్ని తెగును. ఎముక విరిగియున్నచో కలుగు హాని మరింత పెద్దది.

దీనికై పూర్వులను నిందింపనక్కరలేదు. సుశ్రుతసంహిత ఎముకల గాయములను గూర్చి చెప్పుచు, కీలు తప్పుటను ఆరు విధములుగను, ఎముక విరుగుటను పండ్రెండు విధములుగను విభజించినది. మన పుత్తూరు కట్టు దక్షిణదేశమంతట పేరొందినది. విరిగినదేదో, తప్పినదేదో, బెణికినదేదో మొదట వేరుపరచవలెనను జ్ఞానము మనకు క్రొత్త గాదు. గుర్తు తెలియక అన్నిటికి ఒకే లాగుడు ప్రయోగించుటయే దోషము.

ఈ వివేకమును కెనడా దేశపు వైద్యులు 1992లో కొన్ని సులభసూత్రములుగ ప్రకటించిరి. వానికి ఒట్టావా సూత్రములని పేరు. చీలమండ గాయపడినవాడు నాలుగు అడుగులు వేయజాలకున్నను, చీలమండకు ఇరుప్రక్కల పొడుచుకొనివచ్చు ఎముకల వెనుక అంచునగాని కొసనగాని వ్రేలితో నొక్కినప్పుడు నొప్పి యున్నను ఎక్స్‌రే తీయింపవలెను. పాదపు నడిమి ఎముకలకును ఇట్టి గుర్తులే కలవు. వ్యాయామోపాధ్యాయుడు ఈ రెండు మాటలు గుర్తుంచుకొన్నచో ఎందరో పిల్లలు విరిగిన ఎముకతో నడచు బాధనుండి తప్పుకొందురు.

మంచుగడ్డ విషయమునను జ్ఞానము మారినది. విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తు అను నాలుగు మాటల సూత్రమును 1978లో ప్రచారమునకు తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, 2014లో తానే ఆ మాటను సవరించెను. మంచు నొప్పిని తగ్గించునుగాని, దేహము తన్ను తాను బాగుచేసికొను పనిని ఆలసింపజేయవచ్చునని అతని అభిప్రాయము. నేటి చికిత్సకులు మొదటి రెండు మూడు దినములు కాలిని ఎత్తున నుంచి, మెత్తని కట్టు కట్టి, మర్దనను వేడి కాపడమును వర్జించి, పిమ్మట మెల్లమెల్లగ కదలింపుమందురు. మంచము దిగని విశ్రాంతియు మంచిది గాదు, తొందరయు మంచిది గాదు. ఈ రెండింటి నడుమ దారి చూపుటయే విద్య.

నెలల లెక్క

తెగిన ఏ.సి.ఎల్. స్థానమున శస్త్రవైద్యుడు రోగి దేహమునుండియే ఒక పోగును తీసి అమర్చును. ఆ పోగు మొదటి దినమున బలముగ నుండును. తరువాత కొన్ని వారములు అది బలహీనపడుచు, క్రొత్త రక్తనాళములు ప్రాకిన పిమ్మట మరల బలము పుంజుకొనును. రెండవ మూడవ నెలలలో, అనగా రోగికి నొప్పి పోయి నడక హాయిగా నున్న దినములలోనే, లోపలి పోగు మిక్కిలి దుర్బలముగ నుండునని వైద్యులు చెప్పుదురు. దేహము ఇంతకంటె నమ్మదగని సాక్ష్యము మరియొకటి చెప్పదు. "బాగున్నానండీ" అని ఆటగాడు పలుకు దినములే అపాయపు దినములు.

అందుచేత చికిత్సకుడు మాటను నమ్మక కొలతను నమ్మును. దర్జీవాని టేపు తీసికొని రెండు తొడలను మోకాలిచిప్పకు సమానమైన ఎత్తున కొలుచును. మోకాలిలో నీరు చేరినచో తొడ ముందరి కండరము పనిచేయుట మానును; కొద్ది వారములలో అది కృశించును. ఆ లోటు పూడువరకు పరుగు లేదు. పిమ్మట ఒంటికాలి గెంతు. మంచి కాలితో ఒక్క గెంతున 150 సెంటీమీటర్లు పోవువాడు, గాయపడిన కాలితో కనీసము 135 పోవలెను. అనగా నూటికి తొంబది పాళ్ళు. గెంతి దిగినప్పుడు మోకాలు లోపలికి వంగరాదు. ఇట్టి పరీక్షలు మరికొన్ని కలవు. అన్నిటను నెగ్గినవానికే బరిలో ప్రవేశము.

ఈ నియమము ఛాందసము గాదు. నార్వే, అమెరికా దేశముల పరిశోధకులు శస్త్రచికిత్స పొందిన నూట ఆరుగురిని రెండేండ్లు గమనించి 2016లో ఫలితములను ప్రకటించిరి. తొమ్మిదవ నెల వరకు ఆట ఆలస్యమైన ఒక్కొక్క నెలకు మరల గాయపడుట సుమారు సగము చొప్పున తగ్గినది. పరీక్షలలో నెగ్గక దిగినవారిలో నూటికి ముప్పది యెనిమిది మంది మరల మోకాలు గాయపరచుకొనిరి. నెగ్గి దిగినవారిలో ఆ సంఖ్య ఆరునకు లోపు. ఇన్ని నెలల నిరీక్షణకు ఇంతకంటె వేరు సమర్థన అక్కరలేదు.

పెద్ద ఆటగాండ్రు ఆగుట ఎరుగుదురు. పుల్లెల గోపీచంద్ 1994లో పుణె జాతీయ క్రీడలలో మోకాలి బంధనము తెగగా పడిపోయెను. 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత యయ్యెను. ఆ రెండు సంవత్సరముల నడుమ గడిచిన కాలమును ప్రజలు తలపరు. పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామున కామన్వెల్తు స్వర్ణము గెలిచినది. అదే టోర్నమెంటులో ఆమె యెడమకాలి ఎముక చిట్లినది. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ పోటీలను విడిచి, 2023 జనవరిలోగాని ఆమె మరల బరిలో దిగలేదు. దిగిన మొదటి మ్యాచిలో ఓడిపోయినది కూడ. అంతటి క్రీడాకారిణికే తిరిగి వచ్చుట వేరు, తిరిగి గెలుచుట వేరు. ఇక ఊరి పిల్లలకు మూడు వారములలో అంతయు సరియగునని ఎట్లనవచ్చును?

కాదనుట అను కష్టము

ఊరి క్రీడాకారులతో పనిచేయు చికిత్సకునకు మోకాలికంటె కష్టమైనది మనిషి. ఆటగాడు తొమ్మిది నెలలు ఆగవలెను. జిల్లా ఎంపికలు ఏడవ నెలలో వచ్చినవి. ఎంపికైనచో క్రీడా కోటాలో కళాశాల సీటు, పిదప రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగము రావచ్చును. తండ్రి కౌలుకు దున్నువాడు. కొడుకు ఆటలో ఇంటి ఆశ యంతయు నున్నది. జట్టు నాయకుడు వచ్చి "ఒక్క మ్యాచి ఆడించండి సార్, చుట్టూ గట్టిగా కట్టు కట్టి పంపండి" అని వేడుకొనును. ఆటగాడు తానే ముందు "నొప్పి అసలు లేదండీ" అనును. అతడు అబద్ధమాడుటలేదు. నిజముగా నొప్పి లేదు. అదియే చిక్కు.

చికిత్సకునకు ఇచట అధికారమేమియు లేదు. అతడు సెలెక్టరు గాడు, తండ్రి గాడు, ఫీజు తీసికొనుటకును మొగమాటపడు స్థితిలో నున్నవాడు. కాదనినచో ఆటగాడు మరల రాకపోవచ్చును. వేరొకని యొద్దకు పోయి సూది వేయించుకొని ఆడవచ్చును. అవుననినచో ఆ మోకాలికి తానును బాధ్యుడు. తెలివిగల చికిత్సకులు కాదనుట ఒక్కటే చేయరు, చేయదగిన పనిని కూడ చూపుదురు. బరిలోనికి వద్దు, కాని జట్టుతో మైదానమునకు రమ్ము, స్కోరు వ్రాయుము, ఎదుటి జట్టువాడు ఏ కాలితో ముందు కదలునో గమనింపుము, మంచి కాలికిని, చేతులకును సాధన చేయుము. ఈ వారము ఇన్ని మెట్లు, వచ్చు వారము అన్ని గెంతులు అని కాగితముమీద వ్రాసి యిత్తురు. గాయపడినవానికి నొప్పికంటె పెద్ద బాధ జట్టునుండి వెలి. ఆ వెలి లేకుండ చేసినచో నిరీక్షణ సగము తేలికయగును.

తండ్రికి వేరు భాష కావలెను. లిగమెంటు, గ్రాఫ్టు అనినచో అతనికి దూరము. నారు నాటిన మూడవ నాటనే పచ్చగ కనబడినంతమాత్రమున దానిని పట్టి లాగిన నిలుచునా, వేరు పట్టవలదా అని యడిగినచో రైతు వెంటనే తల యూపును. ఊరి మనుష్యులతో పనిచేయువానికి ఊరి మాట తెలియుట శాస్త్రములో భాగమే.

పేదవాని పరికరములు

పట్టణపు కేంద్రములలో ట్రెడ్‌మిల్లు, బలము కొలుచు యంత్రములు, చన్నీటి తొట్లు గలవు. పల్లె క్రీడాకారునకు అవి దూరము. బస్సు ఛార్జీ, పోయిన కూలి కలిపినచో వారమునకు ఒక్కమారు వచ్చుటయే భారము. కావున ఇచట చికిత్సకుడు ప్రధానముగ ఉపాధ్యాయుడు. పదునైదు దినముల కొక్కసారి చూచి, మిగిలిన పదునాలుగు దినములకు పాఠము చెప్పి పంపవలెను.

పాత సైకిలు ట్యూబును కోసి గుంజకు కట్టినచో కాలిని లాగుటకు మంచి సాధనము. ఇసుక నింపిన సంచి తొడకు బరువు. బడి మెట్లు ఎక్కుట దిగుట మోకాలికి సాధన. అందులోను మెల్లగ దిగుటయే ముఖ్యము. కండ్లు మూసికొని ఒంటికాలిపై నిలుచుట చీలమండకు పాఠము, ఏలయన బెణికిన కీలు తన స్థితిని తానెరుగు శక్తిని కొంత పోగొట్టుకొనును. దానిని మరల నేర్పనిచో మరల బెణుకును. గోడకు వీపానించి కుర్చీవలె కూర్చుండుట, సుద్దముక్కతో నేల గీచి గెంతు కొలుచుట - ఇవన్నియు కాసు ఖర్చు లేనివి. ఖరీదైన యంత్రమునకు పోయి పది నిమిషములు పరుండి వచ్చినవానికంటె, ఇంటివద్ద ఇవి నిత్యము చేసినవాడే త్వరగ కోలుకొనుట సహజము. కండరమును బలపరచునది విద్యుత్తు గాదు, శ్రమ.

ఆడపిల్లల సంగతి

క్రీడలలో బాలికల సంఖ్య పెరుగుచున్న కొలది ఒక విషయము స్పష్టమైనది. బాస్కెటుబాలు, ఫుట్‌బాలు వంటి ఆటలలో ఏ.సి.ఎల్. తెగుట బాలురకంటె బాలికలకు రెండు మూడింతలు ఎక్కువ. గెంతి దిగునప్పుడు మోకాలు లోపలికి వంగుట అందుకొక కారణము. సరియైన శిక్షణ చిన్ననాట అందకపోవుట మరియొకటి. దిగుట నేర్పినచో అపాయము తగ్గును.

కాని బాలిక చికిత్సకుని యొద్దకు వచ్చుటయే ఒక యుద్ధము. గాయమైనదని తెలిసినచో ఇంట ఆట మాన్పింతురేమో యని ఆమె దాచును. పురుషుడు కాలు పరీక్షించుటకు తల్లి వెనుకాడును. తల్లిని ప్రక్కన కూర్చుండబెట్టి, చేయబోవు ప్రతి పనిని ముందుగ చెప్పి, అనుమతి గైకొని తాకుట మర్యాద మాత్రమే గాదు, వృత్తిధర్మము. స్త్రీ ఫిజియోథెరపిస్టులు పల్లెలకు చేరువగ నున్నచోట ఈ కష్టము చాల తీరును.

మరియొక రహస్యము పళ్ళెములో నున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి యాబది తొమ్మిది మందికి రక్తహీనత యున్నది. చాలినంత తిండి లేక ఎక్కువ పరుగెత్తు బాలికకు ఋతుక్రమము తప్పును, ఎముకలు పెళుసగును, కాలి ఎముకలో సన్నని చీలిక వచ్చును. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 2014లో ఈ స్థితిని ప్రత్యేకముగ గుర్తించి హెచ్చరించినది. పిక్క ముందరి ఎముక ఒక్కచోట నొప్పియనుచు వచ్చిన బాలికను చూచి మంచి చికిత్సకుడు కాలికంటె ముందు "ఉదయము ఏమి తిన్నావమ్మా?" అని యడుగును.

బడి మైదానమున చేయదగినది

ప్రతి మండలమునకు ఒక క్రీడా ఫిజియోథెరపిస్టు వచ్చు దినము దూరమున నున్నది. బడియు, ఉపాధ్యాయుడును నేడే యున్నారు. ఈ విద్యలో ఉపాధ్యాయులకు అందుబాటులో నున్న భాగము చిన్నది గాదు.

ఆటకు ముందు చేయు సాధనకు మొదటి స్థానము. ఫుట్‌బాలు ఆటగాండ్ర కొరకు ఏర్పడిన ఇరువది నిమిషముల సాధనక్రమము ఒకటి కలదు. పరుగు, ఒంటికాలి నిలుపు, మెత్తగ దిగుట, నడుము కండరముల పని అందులో భాగములు. నార్వే దేశమున 125 క్లబ్బులకు చెందిన, పదుమూడు మొదలు పదునేడేండ్ల 1892 మంది బాలికలపై దానిని పరీక్షించి 2008లో ప్రకటించిరి. సాధన చేసిన జట్లలో మొత్తము గాయములు ఇంచుమించు మూడవవంతు తక్కువ. తొడ వెనుక కండరము చిట్లకుండుటకు మరియొక సాధన కలదు. మోకాళ్ళపై నిలిచి, స్నేహితుడు మడమలు పట్టుకొనగా, వెన్ను వంచక మెల్లమెల్లగ ముందుకు ఒరగవలెను. డెన్మార్కులో 942 మంది ఆటగాండ్రపై జరిపిన పరీక్ష 2011లో వెలువడినది. ఇది చేయని జట్లలో 52 గాయములు, చేసిన జట్లలో 15. పచ్చిక మీదనో చాపమీదనో ఒక స్నేహితుడున్న చాలు, ఇతర సామగ్రి అక్కరలేదు.

ఎదుగుచున్న బాలురు మోకాలిచిప్పక్రింది బొడిపె నొప్పియని చెప్పినప్పుడు అది సోమరితనమని కోపింపరాదు. ఎముక త్వరితముగ పెరుగు వయస్సున, కండరపు లాగుడు వలన అచట నొప్పి పుట్టును. 1903లో ఆజ్‌గుడ్, ష్లాటర్ అను ఇద్దరు వైద్యులు వేరువేరుగ దీనిని వర్ణించిరి. గెంతులు కొంత తగ్గించినచో చాలమందికి ఎదుగుదలతోపాటు అదియే తగ్గును. దండనగ గుంజిళ్ళు తీయించుట మాత్రము దానికి విరుద్ధము.

తలకు దెబ్బ తగిలి తికమకపడినవానిని, వాంతి చేసికొన్నవానిని ఆ దినమున మరల ఆడింపరాదు. వెంటనే వైద్యుని యొద్దకు పంపవలెను. ఇందులో వీరత్వమునకు తావు లేదు.

తిరిగి రానివారు

అందరును తిరిగి ఆడుదురనుట నిజము గాదు. కొందరి మోకాలు ఆలస్యముగ చికిత్సకు వచ్చును; కొందరికి శస్త్రచికిత్స భారమగును; కొందరు తొమ్మిది నెలలు ఆగి, పరీక్షలన్నిటను నెగ్గియు, బరి గీత దాటబోవు క్షణమున భయముచే ఆగిపోవుదురు. అట్టివారి విషయమున చికిత్సకుని పని ముగిసినదని తలపరాదు. ఆ యువకుడు పొలము గట్టున నడువవలెను, నేలపై కూర్చుండి లేవవలెను, బస్తా మోయవలెను, తాటిచెట్టు ఎక్కు కులవృత్తివాడైనచో మరల చెట్టు ఎక్కవలెను. పతకము రాని ఈ పునరాగమనమునకు చప్పట్లు లేవు. అయినను ఒక కుటుంబపు తిండి దానిపై నిలిచియుండును. ఆట విడిచినవారిలో కొందరు రిఫరీలగుదురు, కొందరు పిల్లలకు శిక్షకులగుదురు. గాయము ఎట్లు వచ్చునో దేహముతో తెలిసికొన్న అట్టి శిక్షకుడు, బిడ్డ మోకాలు లోపలికి వంగుటను దూరమునుండియే పసిగట్టును.

వ్యాయామోపాధ్యాయుని బల్లసొరుగులో ఆటల జాబితాలు, బహుమతుల లెక్కలు, బంతుల రసీదులు ఉండును. వానితోపాటు మరియొక చిన్న పుస్తకము ఉండదగును. అందు నాలుగు గడులు చాలును: పిల్లవాని పేరు, గాయపడిన తేదీ, ఏమి జరిగినది, మరల ఆడుటకు అనుమతించిన తేదీ. చివరి గడిని నింపుటకు ముందు ఒంటికాలిపై గెంతించి సుద్దగీతతో కొలువవలెను. నొప్పి లేదను మాటను బట్టి ఆ గడి నింపరాదు. పట్టణమునకు పంపవలసి వచ్చినప్పుడు ఆ పుస్తకమునందలి నాలుగు పంక్తులు ఏ చికిత్సకునకైనను అమూల్యములు. సంవత్సరాంతమున దానిని తిరుగవేసినచో, ఏ ఆటలో, ఏ నెలలో, మైదానపు ఏ మూల పిల్లలు పడుచున్నారో తెలియును. ఆ మూల గుంత యున్నచో, వచ్చు సంక్రాంతికి ముందుగనే దానిని పూడ్చవచ్చును.